పది మందికి నాలుగు అప్పాలు: మలేషియా పర్యాటక మంత్రికి బహిరంగ లేఖ

మలేషియా పర్యాటక, కళలు, సంస్కృతి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఆరేళ్లుగా పెనాంగ్‌లో ఉంటున్నాను, బయాన్ లెపాస్‌లో ఓ ఫ్యాక్టరీలో ఇంజినీర్ని. ఇది తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, సెలవులకి ఇక్కడికొచ్చే మనవాళ్లు కూడా చదవాలని.

పోయిన నెల విజయవాడ నుంచి మా పిన్ని, బాబాయి వచ్చారు. పెనాంగ్ పాత ఊరు జార్జ్ టౌన్‌లో బండ్ల తిండి రుచి చూపిస్తూ తిప్పే ఫుడ్ టూర్ బుక్ చేశాను. మనిషికి 200 రింగిట్ల పైనే. మొత్తం పది మందిమి. గైడు పొద్దున్నే లిటిల్ ఇండియా నుంచి మొదలుపెట్టి ఓ అప్పం బండి దగ్గర ఆపాడు. బొగ్గుల మీద వరసగా చిన్న మట్టి మూకుళ్లు. పెద్దాయన గరిటెడు పిండి పోసి, మూకుడిని ఒకసారి చుట్టూ తిప్పి, మూత పెట్టి పక్కదాన్ని అందుకుంటాడు. అంచు కాగితంలా లేచాక గీకి తీసి మడిచి పెడతాడు. ఆ చేతులు చూస్తూ ఎంతసేపైనా నిలబడొచ్చు. మేం చేసిన తప్పూ అదే. మా గైడు పది మందికీ కలిపి నాలుగంటే నాలుగు అప్పాలు చెప్పి, ముక్కలు చేసి ప్రసాదంలా పంచాడు. ఇరవై నిమిషాలు బండి చుట్టూ ఫోన్లు, వీడియోలు. రోజూ టిఫిన్‌కి వచ్చేవాళ్లు మా వెనక కాసేపు నిలబడి వెళ్లిపోయారు. పిన్ని ఉండబట్టలేక "ఇంకో పది వెయ్యమనరా" అంది. టైమ్ లేదన్నాడు గైడు.

మర్నాడు ఒక్కణ్ణే వెళ్లి, నాకొచ్చిన తమిళంలో "అణ్ణే, రోజూ ఇంతేనా?" అని అడిగాను. "వారానికి మూడు నాలుగు సార్లు తంబీ. వద్దంటే ఫోన్లో ఏం రాస్తారో" అన్నాడు. ఆయన్ని ముందుగా ఎవరూ ఒక్క మాట అడగలేదట.

పోనీ కథైనా సరిగ్గా చెప్పారా? నాసి కందర్ పేరులోనే మన కావడి ఉంది. తమిళ ముస్లింలు అన్నం, కూరలు కావడికి కట్టుకుని భుజాన మోస్తూ అమ్మిన తిండి అది. కూరలన్నీ కలిపి అన్నం మీద పొయ్యమనాలంటే 'బంజీర్' అనాలి, అంటే వరద. మా గైడు 'ఇండియన్ కర్రీ రైస్' అని తేల్చేశాడు. కపితాన్ కెలింగ్ మసీదు ముందు నుంచే నడిచాం. ఆ 'కెలింగ్' మన కళింగ నుంచి వచ్చిందంటారు, ఇప్పుడది ఇక్కడ భారతీయుల్ని తిట్టే మాటైపోయింది. దాని గురించీ ఏం చెప్పలేదు.

2000లో అద్దె నియంత్రణ ఎత్తేశాక అద్దెలు పెరిగి పాత ఊళ్లో చాలామంది ఖాళీ చేశారు. 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది, హోటళ్లూ కెఫేలూ వచ్చాయి. అయినా జనం వెతుక్కుంటూ వచ్చేది బండ్లనే. ఇక్కడి పేరున్న వంటకాల్ని హాకర్ బండ్ల మీద విదేశీయులు వండకూడదని పెనాంగ్‌లో 2016 నుంచి రూలుంది. గుంపుల్ని తెచ్చేవాళ్లు బండివాడితో ఎలా ఉండాలన్నది మాత్రం వాళ్ల ఇష్టమే అన్నట్టుంది.

1992 పర్యాటక చట్టం కింద టూర్ కంపెనీలకీ గైడ్లకీ లైసెన్సులిచ్చేది మీ శాఖే. అందులో ఓ షరతు పెట్టండి: ఆగిన ప్రతిచోటా తలకో ప్లేటు, టికెట్ డబ్బుల్లోంచే. బండివాళ్లని ముందే అడిగి, వాళ్లకి కుదిరే టైముకే రావాలి. ఎనిమిది చోట్ల తలకో ప్లేటు ఎవరు తింటారండీ అని కంపెనీలు అంటాయి. నాలుగు చోట్లే ఆపమనండి. చార్ కోయ్ తియావ్‌ని (బియ్యపు నూడుల్స్ వేపుడు) బొగ్గుల మీద ఒక్కో ప్లేటే వేయించేవాళ్లు ఇంకా ఉన్నారు, అక్కడ పది మంది కూర్చుని తింటే ఎలాగూ గంట పడుతుంది. 'విజిట్ మలేషియా 2026' అని ప్రపంచాన్నంతా పిలిచింది మీరే కాబట్టి, ఈ మాట మీతోనే అంటున్నాను.

మా పిన్ని దసరాకి మళ్లీ వస్తానంటోంది. ఈసారి టూర్ వద్దట. తనకి ఆరు అప్పాలు, బాబాయికి షుగర్ కాబట్టి రెండు.

ఇట్లు,
బయాన్ లెపాస్ నుంచి ఒక తెలుగు ఇంజినీరు