పాట లేకపోతే సంగీతం కాదా?

సంపాదక మహాశయా,

మొన్న మీ సినిమా పేజీలో హాలీవుడ్ దర్శకుడు జాన్ కార్పెంటర్ సంగీతం ఆల్బమ్‌ల మీద వచ్చిన ముక్క చదివాను. కోపం కాస్త చల్లారాక రాస్తే మర్యాదగా ఉంటుందని ఆగాను. చల్లారలేదు.

రిటైరైన హారర్ దర్శకుడు పాత సినిమాల్లో వాడకుండా వదిలేసిన ట్యూన్లు దుమ్ము దులిపి అమ్ముకుంటున్నాడట. ఒక్క పాటా లేదట, అంతా మోతేనట. ఇదీ మీ విలేకరి తేల్చింది! 2015 ఫిబ్రవరిలో వచ్చిన ఆయన ఆల్బమ్ 'లాస్ట్ థీమ్స్'లో తొమ్మిది ట్రాకులున్నాయి. పాత సినిమాల్లో మిగిలిపోయిన సరుకు కాదది, సినిమా ఊసే లేకుండా కొత్తగా కట్టిన సంగీతం. కొడుకు కోడీతో కాసేపు వీడియో గేములాడటం, ఆపైన కీబోర్డు దగ్గర కూర్చుని తోచింది వాయించి రికార్డు చేసుకోవడం, అలా పోగైంది. కొత్తగా ఏమైనా చేశారా అని లాయరమ్మ అడిగితే అదే పంపాడు, కొన్ని నెలల్లో ఆల్బమ్‌కు ఒప్పందం కుదిరింది. గిటారు డేనియల్ డేవీస్‌ది. ఏం చేయాలని అడిగే నటులు లేరు, ఎడిటింగ్ గది లేదు, రిలీజు తేదీ లేదు, అందుకే సరదాగా చేశానని కార్పెంటరే చెప్పుకున్నాడు. అప్పటికి ఆయనకు 67 ఏళ్లు. తర్వాత 2016లో, 2021లో, 2024లో ఇంకో మూడు భాగాలు వచ్చాయి. ఉత్త మోతను నాలుగుసార్లు ఎవరు కొంటారండీ?

తన సినిమాలన్నిటికీ ఆయనే సంగీతం చేసుకున్నాడని ఇంకో మాట. 'ది థింగ్' (1982)కు చేసింది ఇటలీ సంగీత దిగ్గజం ఎన్నియో మోరికోనె. అంతటివాడి పనినీ అప్పట్లో చెత్త సంగీతమని, చెత్త సినిమాలకిచ్చే వెక్కిరింపు అవార్డు 'రాజ్జీ'కి నామినేట్ చేశారు, అది వేరే సంగతి. 'స్టార్‌మ్యాన్'కు జాక్ నిట్షే. సినిమా టైటిల్స్ చూసినా తెలిసేది.

అసలు రాయాల్సింది వదిలేశారు. కార్పెంటర్ తండ్రి సంగీతం ప్రొఫెసరు. చిన్నప్పుడు బాంగో డ్రమ్ముల మీద ఆయన నేర్పిన అయిదు దెబ్బల లెక్కే ఆయన సినిమా 'హాలోవీన్' (1978) పియానోలో మోగేది. మన నోటితో చెప్పుకుంటే తకిట తకిట తక తక (దెబ్బకు రెండక్షరాలు), అంతే. మామూలు నాలుగు దెబ్బల తాళం వేయబోతే చెయ్యి జారిపోతుంది. ఆ జారుడులోనే ఉంది భయమంతా. ఆర్కెస్ట్రా పెట్టుకునే స్తోమత లేక సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డు పట్టిన మనిషి, ఆ కొద్దిపాటి సరంజామాతోనే తనదైన పద్ధతి తయారుచేసుకున్నాడు. 'లాస్ట్ థీమ్స్'లో 'వోర్టెక్స్' అనే మొదటి ట్రాకు ఒక్కటి వినండి. కింద బేస్ ఆగకుండా కొట్టుకుంటుంటే పైన పియానో కొన్ని స్వరాలు పట్టుకుని తిరుగుతూ ఉంటుంది.

దర్శకుడికి సంగీతమెందుకని వెటకారం ఒకటి. తన సినిమాలకు తానే సంగీతం కట్టుకున్న సత్యజిత్ రాయ్ సంగతి తెలియదనుకుందాం, మన ఎస్.వి. కృష్ణారెడ్డి కూడా గుర్తు రాలేదా? పాటలేని ఆల్బమ్ ఏమిటని అడిగినవారు 1986లో ఇళయరాజా తెచ్చిన 'హౌ టు నేమ్ ఇట్' అనే వాద్య సంగీతం క్యాసెట్టు పేరైనా విన్నారా?

విలేకరిని ఒక్కడినే అని లాభం లేదు. పేజీ అంతా మొదటిరోజు వసూళ్లు, ప్రీ రిలీజ్ ఫంక్షన్లు. ఆర్.ఆర్. (నేపథ్య సంగీతం) అదిరిపోయిందని రాస్తారు, వాయించినవాడి పేరు మాత్రం రాయరు. హాల్లో డైలాగు వినపడనంత బీజీఎం పెట్టినా అడిగే నాథుడు లేడు. మా ఊళ్లో పురపాలక కళాక్షేత్రం ఉంది. వీణ కచేరీకి అడిగితే మైకులు పనిచేయడం లేదంటారు, పార్టీ మీటింగు రోజున మాత్రం అవే మైకులు నాలుగు వీధుల అవతలికి వినిపిస్తాయి. అర్జీ ఇచ్చాం, కమిషనర్ బదిలీ అయ్యారు. కొత్తాయనకు మళ్లీ ఇచ్చాం, ఫైలు కనపడటం లేదట. ఇలాంటివి రాయడానికి మీకు చోటుండదు, ఎవరో హీరో కొత్త కారు ఫొటోకు మాత్రం నాలుగు కాలాలుంటుంది.

సవరణ వేస్తే ఆ సినిమా పేజీలోనే వేయండి. పోయినసారిలా వర్గీకృత ప్రకటనల పక్కన, భూతద్దం పెట్టి వెతుక్కునేలా వేయకండి.

— పాత చందాదారు, గుంటూరు జిల్లా