పైన గీత ఖాళీగా వదిలారు

నెల్లూరు,
ఆదివారం సాయంత్రం

ఒరే బావా,

ముందే కోప్పడకు. నీ ఉత్తరం వచ్చి నెలన్నర అయింది. రెండుసార్లు రాయడానికి కూర్చున్నా, రెండుసార్లూ సగంలోనే ఆగిపోయింది. మా మామయ్య ఇవాళ సింహపురి ఎక్స్‌ప్రెస్‌కి హైదరాబాద్ వస్తున్నాడు, ఆయన చేతికిస్తున్నా. ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు. నువ్వు షిఫ్టులో ఉండి ఊఁ, ఊఁ అంటావు, నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంట్లో అందరూ బాగున్నారు. నాన్న నాట్ల పనిలో ఉన్నాడు. చెల్లి డిగ్రీలో చేరింది. అమ్మ నీకు చేపల పులుసు పంపుతానంటే మామయ్య రైల్లో ఒలికిపోద్దని వద్దన్నాడు, ఎండుచేపలు కట్టింది. అంతే.

అసలు సంగతి, సారుని మార్చాలంటున్నార్రా.

అవును, మన కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ సారునే. పోయిన ఆదివారం కావలిలో ఓడిపోయాం. ఈ ఏడు తొమ్మిది మ్యాచ్‌లాడితే ఏడు పోయినాయి. మిగతావి సరే, కావలిది మటుకు గెలవాల్సిన మ్యాచ్. సగం ఆటకి మనమే ఆరు పాయింట్లు ముందున్నాం. మూడో క్వార్టర్‌లో వాళ్ళు వరసగా 12 కొట్టారు, మనకి ఒక్కటి పడలేదు. నేను బాల్ తీసుకొస్తూ ప్రతిసారీ బెంచీ వైపు చూస్తున్నా, ఇప్పుడన్నా ఆట ఆపి మాతో మాట్లాడడానికి టైమౌట్ అడుగుతాడేమోనని. చేతులు కట్టుకుని నిలబడ్డాడు, అంతే. మొదటి సగంలో ఉన్న రెండు టైమౌట్లలో ఒకటి వాడకుండానే పోయింది, అది రెండో సగానికి రాదు. రెండో సగంలో మూడున్నాయి కదా, అవన్నా అడగొచ్చు కదా! తిరుగు బస్సులో ఒక్కడూ నోరు తెరవలేదు.    

మర్నాడు మా టీమ్‌లో చిట్టి వచ్చి నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. ప్రిన్సిపాల్‌కి అర్జీ. మా కోచ్‌ని మార్చవలసిందిగా కోరుతున్నాము అని. కింద తొమ్మిది సంతకాలు. వాటికి పైన ఒక గీత గీసి ఖాళీగా వదిలారు. అది నాది. కెప్టెన్ సంతకం లేకపోతే కాలేజీ ఆటలు చూసుకునే పీడీ సారు ఆ కాగితం ముట్టుకోడంట.

పిల్లల్ని తప్పు పట్టలేనురా. చిట్టి ఏమన్నాడో తెలుసా? ‘అన్నా, 2014లో మన ఇండియా టీమ్ ఊహాన్ పోయి చైనాని చైనాలోనే ఓడించింది. అమెరికా నుంచి కొత్త కోచ్ వచ్చాడు కాబట్టే కదా’ అన్నాడు. ఆ స్కాట్ ఫ్లెమింగ్ వచ్చింది 2012లో రా, వచ్చిన నెలకే గెలిపించలేదు, రెండేళ్ళు పట్టింది అన్నాను. ‘సరే, రెండేళ్ళే అనుకో. మన సారుకి అంతకంటే జాస్తిగానే ఇచ్చాం కదా’ అన్నాడు. ఏం చెప్పాలి? సారు మనకి అమెరికా కోచ్ జాన్ ఊడెన్ కథ చెప్పేవాడు గుర్తుందా, 1948లో యూసీఎల్ఏ అనే యూనివర్సిటీకి వస్తే మొదటి ఛాంపియన్‌షిప్ 1964లో వచ్చిందని, దానితో కలిపి పన్నెండేళ్ళలో పది గెలిచాడని. అప్పుడు మనకి ఒళ్ళు పులకరించేది. ఇప్పుడు చిట్టి వైపు నుంచి ఆలోచిస్తే, వాడి డిగ్రీ మూడేళ్ళే. పదహారేళ్ళు వాడెక్కడ ఆగుతాడు? వాడికీ ఆడాలనుంది, గెలవాలనుంది.

ఆ కాగితం మూడు రోజులు నా బ్యాగులోనే ఉంది. నిద్ర పట్టలేదు. బుధవారం పీడీ సారు రూములో పాత స్కోరు పుస్తకాలు అడిగి ఇంటికి తెచ్చుకున్నా. మనం కలిసి ఆడిన ఏడాదివి, ఈ ఏడాదివి పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నా. దూరం నుంచి కొట్టే త్రీ పాయింటర్ పడితే ఆటగాడి నంబర్ చుట్టూ సున్నా చుడతారు కదా. మన ఏడాది పుస్తకంలో అవతలి టీమ్ వైపు ఆ సున్నాలు అక్కడొకటి, ఇక్కడొకటి. ఈ ఏడాది పేజీలు తిప్పితే ఎటు చూసినా సున్నాలే. కావలి మ్యాచ్‌లో మూడో క్వార్టర్ చూస్తే ఆ పన్నెండూ సున్నా చుట్టినవే, నాలుగు షాట్లు. నాలుగూ మూలల్లోంచే కొట్టారు, నాకు బాగా గుర్తు.

అప్పుడు అర్థమైంది బావా. సారు ఇంకా మీ టీమ్‌కే కోచింగ్ ఇస్తున్నాడు.

ముందు ఇద్దరు, బుట్ట కింద ముగ్గురు నిలబడి ఎవడి చోటు వాడు కాసే ఆ టూ త్రీ జోన్ మనకెందుకు పనికొచ్చింది? కింద మధ్యలో మన పొడుగోడు, కొంగగాడు నిలబడితే లోపలికి ఎవడూ రాలేడు. పక్కన నువ్వు. మూలకి బాల్ పోతే ఒక్క అంగలో పోయి చెయ్యి అడ్డం పెట్టేవాడివి. ఇప్పుడు కొంగ చెన్నైలో ఉన్నాడు, నువ్వక్కడ. మాలో అందరికంటే పొడుగోడు అయిదడుగుల పదకొండు. వాడు లోపల ఆగితే మూల ఖాళీ, మూలకి పోతే లోపల ఖాళీ. జోన్‌లో ఎవడు ఎవణ్ణి ఆపాలో తేలదు కాబట్టి పడకుండా తిరిగొచ్చిన బాల్, అదే రీబౌండ్ కూడా వాళ్ళకే పోతుంది, మళ్ళీ షాట్ కొట్టడానికి 14 సెకన్లు వాళ్ళవే. ఇది సారుకి తెలియదా? తెలుసు. కానీ మీరిద్దరూ ఉన్నప్పుడు కప్పు తెచ్చిన ఆట అది, వదల్లేకపోతున్నాడు. నాకైతే అలాగే అనిపించింది.

గురువారం వాన. వాయుగుండమని రెండు వారాలుగా ప్రాక్టీస్ సగం రోజులు లేదు, అదీ ఒక కారణమే, దాన్ని ఎవరూ లెక్కలో వేయరు. కోర్టు మీద నీళ్ళు నిలిచిపోయినాయి. పిల్లలు వెళ్ళిపోయారు. సారూ నేనూ మెట్ల మీద కూర్చున్నాం. చెప్పేశాను బావా. ఆయన ముందు నేనెప్పుడూ గొంతెత్తలేదు, నీకు తెలుసు. నీ పేరూ కొంగ పేరూ చెప్పి, వాళ్ళు వెళ్ళిపోయారు సార్, ఇప్పుడున్నది మేము అన్నాను.

ముందు అరిచాడు. ‘ఒక్కొక్కడు ఒకణ్ణి కాసే మ్యాన్ టు మ్యాన్ ఆడితే 40 నిమిషాలు మీ ఊపిరి నిలుస్తుందా? ఒక్కొక్కడికి ఫౌల్స్ పడతాయి, అయిదోదానికి బయటికొచ్చేస్తాడు, బెంచీలో ఎవడున్నాడు?’ అన్నాడు. అందులో అబద్ధం లేదు. అయితే మమ్మల్ని పరిగెత్తించండి సార్ అన్నాను. టైమౌట్ సంగతి కూడా అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘ఆ రోజు మిమ్మల్ని పిలిచి ఏం చెప్పాలో నాకు తోచలేదురా’ అన్నాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి... ఏం రాయాలో తెలియడం లేదు.

అర్జీ ఉందని చెప్పాను, పేర్లు చెప్పలేదు. ‘నువ్వు పెట్టావా?’ అన్నాడు. ఇంకా పెట్టలేదు సార్ అన్నాను. లేచి వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున అయిదున్నరకల్లా వచ్చి ఉన్నాడు. గంటసేపు బాల్ ముట్టుకోనివ్వలేదు. మోకాళ్ళు వంచి పక్కకి పక్కకి జరగడం, ఒకడికి ఒకడు. పిల్లలు ఇది శిక్ష అనుకుంటున్నారు. చిట్టి నాతో మాట్లాడడం మానేశాడు, నేను సారు పక్షం చేరానంట. తమ్ముడిలా చూసుకున్నానురా వాణ్ణి.

నా మాట ఇది. సీజన్ మధ్యలో మారిస్తే కొత్తాయనకి మా పేర్లు తెలిసేలోపే మిగిలిన రెండు మ్యాచ్‌లూ అయిపోతాయి. ఆ రెండింటిలో సారు మాకు తగిన ఆట ఆడిస్తే మంచిది. మళ్ళీ ఆ జోన్‌లోనే నిలబెడితే మొదటి సంతకం నేనే పెడతానని పిల్లలకి చెప్పాను. ఆయన మీద ప్రేమ ఉన్నా పెడతాను.

ఇప్పుడు నీతో పని. సారుకి ఒక ఉత్తరం రాయి. నువ్వు రాస్తే చదువుతాడు. ఆ జోన్ మా కోసం కట్టింది సార్, వీళ్ళ కోసం ఇంకోటి కట్టండి అని రాయి. కొంగ చేత కూడా రెండు ముక్కలు రాయించు. వచ్చే శనివారం ఒంగోలులో మ్యాచ్, ఆ లోపే అందాలి. ఇంకా ఆ ఫ్రీ త్రోల గురించి కూడా నీకు

మామయ్య ఆటో వచ్చేసింది, గేటు దగ్గర పిలుస్తున్నాడు. రాయి బావా, మర్చిపోకు.

నీ
బావ