వనరులు అందని భాషలు

రాఘవా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు క్షమించు. ఇంట్లో అందరూ కులాసా. నువ్వడిగిన పుస్తకం పోస్టులో వేశాను. ఇక మిగతా కబుర్లన్నీ పక్కన పెట్టి, నిన్న పదకోశం సమావేశంలో జరిగింది చెప్పేస్తాను.

మైనారిటీ భాష (మాట్లాడేవారు తక్కువ సంఖ్యలో ఉన్నది), ఎండేంజర్డ్ భాష (అంతరించే ప్రమాదంలో ఉన్నది), లో-రిసోర్స్ భాష (పాఠ్యం, డేటా వంటివి తక్కువగా ఉన్నది) అన్న మూడు పదాల ఎదుటా ఒక పెద్దాయన ఎర్ర సిరాతో 'చిన్న భాష' అని రాసుకొచ్చారు. సామాన్య పాఠకుడికి అంతకన్నా వివరం అక్కర్లేదని ఆయన వాదన. ఆయన పాండిత్యం మీద నాకెంతో గౌరవం ఉన్నా, ఈ విషయంలో మాత్రం ఊరుకోలేకపోయాను.

2011 జనగణన ప్రకారం భిల్లుల భాష అయిన భీలీ మాట్లాడేవారు కోటికి పైనే ఉన్నా దానికి రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూలులో చోటు లేదు, కంప్యూటరుకు అందిన భీలీ పాఠ్యమూ బహు స్వల్పం. అదే జనగణనలో సంస్కృతాన్ని మాతృభాషగా చెప్పుకున్నవారు 24,821 మందే అయినా అది షెడ్యూలులో ఉంది. ఐస్‌లాండిక్ మాట్లాడేవారు నాలుగు లక్షలకు లోపే గాని, అక్కడి ప్రభుత్వం డబ్బు పెట్టి మాటను గుర్తించే సాఫ్ట్‌వేర్ దాకా తయారు చేయించింది. ఈ మూడింటిలో దేన్ని చిన్నదనాలి?

అంతరించే ప్రమాదం సంగతి మరీ వేరు. ప్రమాదంలో ఉన్న భాషల మీద యునెస్కో వేసిన అట్లాసు కొలత ప్రకారం, అవ్వాతాతలు మాట్లాడుతూ, తల్లిదండ్రులు అర్థం చేసుకోగలిగి కూడా పిల్లలతో ఆ భాషలో మాట్లాడకపోతే అది తీవ్ర ప్రమాదంలో ఉన్నట్టు. అక్కడ ముందు కావలసింది ఇంట్లో పిల్లలకు ఆ మాట వినిపించడం; భీలీ వంటి భాషకు కావలసింది పాఠ్యపుస్తకాలు, డేటా. పేరు తప్పితే సాయమూ దారి తప్పుతుంది, రాఘవా!

లో-రిసోర్స్‌కు నేను 'వనరులు అందని భాష' అని ప్రతిపాదించాను. 'వనరులు లేని' అంటే లోపం భాషదే అన్నట్టుంటుంది. 'అందని' అంటే అందించవలసినవాళ్లు ఎవరో ఉన్నారని గుర్తుకొస్తుంది. దీనికి పెద్దాయన చాలాసేపు ఆలోచించి తల ఊపారు.

కానీ మాట్లాడేవాళ్లు లేకుండా పోయిన భాషలన్నిటికీ 'మృతభాష' అన్న ఒక్క మాటే చాలని మళ్లీ పట్టుబట్టారు. అప్పుడు అమెరికాలోని మయామీ తెగ సంగతి చెప్పాను. వాళ్ల భాషను ధారాళంగా మాట్లాడేవారు ఇరవయ్యో శతాబ్దంలోనే లేకుండా పోతే పండితులు అంతరించిందని రాసేశారు. ఆ తెగకే చెందిన డారిల్ బాల్డ్‌విన్ పాత రాతప్రతుల నుంచి దాన్ని నేర్చుకుని తన పిల్లలకు ఇంట్లోనే నేర్పాడు. తమ భాష చావలేదు, నిద్రపోయిందంతే అంటారు వాళ్లు. అందుకే 'నిద్రాణ భాష' అన్నది కోశంలో విడిగా ఉండాలని నా పట్టుదల. అది తేలకుండానే సమావేశం ముగిసింది. రేపు మళ్లీ కూర్చుంటున్నాం, నా వాదనలో ఇంకా…

టపా వేళ దాటిపోతోంది, ఇక్కడికి ఆపుతున్నాను. 'నిద్రాణ భాష' అన్న మాట నీకు నచ్చిందో లేదో వెంటనే రాయి.

నీ
మాధవ