సంక్రాంతికి స్పోర్ట్స్ కారా? ముందు ఇటుకతో కొలవండి

సంపాదకులకు నమస్కారం.

పండగ సెలవులు దగ్గర పడేకొద్దీ విజయవాడ ఆటోనగర్‌లోని మా మెకానిక్ షెడ్లలో తరచూ వినపడే ప్రశ్న: ‘ఈ కారు శ్రీశైలం తీసుకెళ్లొచ్చా? సూర్యలంక దాకా పోతుందా?’ అడిగేవాళ్లు హార్స్‌పవర్, మైలేజీ లెక్కలన్నీ చెబుతారు. హైవే దిగాక వచ్చే ఆఖరి ముప్పై, నలభై కిలోమీటర్ల రోడ్డు ఎలా ఉంటుందో మాత్రం కనుక్కుని ఉండరు. తీయాలా వద్దా అన్నది తేలేది అక్కడే.

స్పోర్ట్స్ కార్లకు నేల నుంచి అడుగు భాగానికి ఉండే ఎత్తు సాధారణంగా 11 నుంచి 13 సెంటీమీటర్లు. మనుషులు, సామాను ఎక్కి, ట్యాంకు నిండితే అందులో ఒకటి రెండు తగ్గుతుంది. కాబట్టి కంపెనీ కాగితంలోని అంకెను నమ్మకుండా, అందర్నీ కూర్చోబెట్టి ముందు బంపరు పెదవి (కింది అంచు) పక్కన ఇటుకను అంచు మీద నిలబెట్టి చూడండి. ఆ ఎత్తు నాలుగు, నాలుగున్నర అంగుళాలు. ఇటుక బంపరు కిందకు దూరకపోతే ఊళ్ల మీదుగా వెళ్లే దారి మానుకోవాలి. ముక్కు పైకి లేపే బటన్ ఉన్న కార్లలో మరో నాలుగు సెంటీమీటర్లు కలిసొస్తుంది గానీ, అది నిదానంగా వెళ్తున్నప్పుడే పనిచేస్తుంది. పైగా లేచేది ముందు భాగమే.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్‌బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, గుండ్రంగా ఉండాలి. అలాంటిదాన్ని స్పోర్ట్స్ కారు కూడా హాయిగా దాటుతుంది. రెండు ఇరుసుల మధ్య దూరం రెండున్నర మీటర్లే గనక చక్రాలు కూడా దిమ్మ మీదే ఉంటాయి, కారు పొట్ట కిందకు పొడుచుకొచ్చేది నాలుగైదు సెంటీమీటర్లు మాత్రమే. ఊళ్లలో ఎవరికి వారు సిమెంటుతో పోసుకున్న దిమ్మ రెండడుగుల వెడల్పు, అరడుగు ఎత్తు ఉంటుంది. ముందు చక్రాలు దిగేశాక ఆ అరడుగూ నేరుగా ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్ కిందకే వస్తుంది. కారును ఓరగా తిప్పి ఎక్కిస్తే బంపరు తప్పించుకోవచ్చు, పొట్టకు మాత్రం పూర్తి భరోసా లేదు. ఈ నెలల్లో ఇంకో గండం ధాన్యం. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. వడ్లు ఎత్తేశాక కూడా కొన్ని రాళ్లు అక్కడే ఉండిపోతాయి. మామూలు కారు వాటిని రెండు చక్రాల మధ్య దాటించేస్తుంది. స్పోర్ట్స్ కారుకు అది కుదరదు.

టైర్ల సంగతి. స్పోర్ట్స్ కారుకు వేసే 245/35 ఆర్20 సైజు టైరు పక్కగోడ ఎత్తు 86 మిల్లీమీటర్లు. మామూలు కారుకుండే 215/60 ఆర్17 టైరుకైతే 129. గుంతలో పడ్డప్పుడు ఆ సన్నటి గోడ రిమ్‌కూ గుంత అంచుకూ మధ్య నలిగి, లోపలి దారాలు తెగి, పక్కన కోడిగుడ్డులా ఉబ్బుతుంది. దానికి పంక్చర్ షాపులో మందు లేదు. స్టెప్నీ ఉండదు. కారుతో ఇచ్చే జిగురు సీసా టైరు ముఖాన మేకు గుచ్చుకున్న చిన్న రంధ్రానికే. అది పోశాక కూడా గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు. ఆ సైజు టైరు నరసరావుపేటలోనో వినుకొండలోనో దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. బయల్దేరేముందు టైరు గోడ మీది నాలుగంకెల తేదీ చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. షెడ్డులోనే ఎక్కువ కాలం నిలబడ్డ కార్లకు గాడి నిండుగా ఉంటుంది, రబ్బరు మాత్రం గట్టిపడి ఉంటుంది. ఆరేళ్లు దాటితే మార్చాకే తీయాలి.

పండగకు హైదరాబాద్ రోడ్డులో చిల్లకల్లు, పంతంగి టోల్‌ప్లాజాల దగ్గర వాహనాలు బారులు తీరుతాయి. స్పోర్ట్స్ కార్లలో ఎక్కువగా ఉండే డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్సుకు (రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చుకునేది) అదే అసలు పరీక్ష. అడుగడుగునా జరుపుతూ పోతే క్లచ్ సగం పట్టుతో జారి వేడెక్కి, హెచ్చరిక లైటు వెలుగుతుంది. ముందు బండికీ మనకూ రెండు కార్ల ఖాళీ వచ్చేదాకా ఆగి, ఒక్కసారి కదలాలి. నిలబడినప్పుడు న్యూట్రల్ వేయాలి. వెనకాల హారన్ కొట్టేవాళ్లను కొట్టనివ్వండి.

శ్రీశైలం వెళ్లేవాళ్లు బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటిందేమో చూసుకోవాలి. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. ఘాట్ దిగేటప్పుడు వేడికి ఆ తేమ ఆవిరై పెడల్ మెత్తబడి బ్రేక్ సరిగా పట్టదు. దిగేటప్పుడు రెండో, మూడో గేరులో ఉంచి ఇంజిన్‌తోనే వేగం ఆపాలి. దోర్నాల తర్వాత అడవి గేట్లు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. తొమ్మిదిలోపు గేటు దాటాలన్న ఆదరాబాదరాలోనే గుంతలు కనపడవు.

మా సలహా అడిగితే: విశాఖ, చెన్నై వైపు జాతీయ రహదారి మీదే వెళ్లి, ర్యాంపు లేని పార్కింగ్ ఉన్న హోటల్లో దిగే ఇద్దరికి స్పోర్ట్స్ కారు బ్రహ్మాండం. కోనసీమ కాలవగట్లకు, శ్రీశైలానికి, నలుగురున్న కుటుంబానికి వద్దు. డిక్కీలో రెండు చిన్న సంచులు పడితే గొప్ప.

అద్దెకు తెచ్చుకునేవాళ్లు నంబరు పలక చూడండి. సెల్ఫ్‌డ్రైవ్ కారుకు నల్ల పలక మీద పసుపు అక్షరాలుండాలి. తెల్ల పలక కారును అద్దెకు తీసుకుంటే ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించవచ్చు. సొంత కారైనా, టైరు ఒక్కటే పగిలితే మామూలు పాలసీ డబ్బివ్వదు. టైర్లకు, రిమ్‌లకు విడిగా కవర్ తీసుకోవాలి. చెడిపోతే కారును మొత్తంగా పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీనే పిలవండి. ర్యాంపు కింద పెట్టడానికి రెండు చెక్క పలకలు తెమ్మని ఫోన్‌లోనే చెప్పాలి, లేకపోతే ఎక్కించేటప్పుడే బంపరు పోతుంది. బంపరులో బిగించే టోయింగ్ కొక్కెం టూల్ సంచిలో ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి.

రోడ్లు భవనాల శాఖకు, పంచాయతీలకు ఒక విన్నపం. ప్రమాణానికి సరిపోని దిమ్మలను పండగలోపు చెక్కించలేకపోయినా, వాటి మీద నలుపు తెలుపు చారలు వేయించి, 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు పెట్టించండి. రాత్రిపూట మోటార్‌సైకిల్ మీద వచ్చేవాడికి స్పోర్ట్స్ కారు యజమాని కంటే అది ఎక్కువ అవసరం.

– ఆటోనగర్ మెకానిక్‌లు, విజయవాడ