నెలాఖరు శనివారం సాయంత్రాల గురించి, మా కాఫీ షాపుకి వచ్చేవాళ్లందరికీ

విశాఖ పెద్దవాల్తేరులో మా షాపుకి వచ్చే అందరికీ నమస్కారం. ప్రతి నెలా చివరి శనివారం సాయంత్రం మా మేడ మీద రాసేవాళ్లు చేరి తమ కథలు, కవితలు చదువుకుంటున్న సంగతి మీలో చాలామందికి తెలుసు. ఈమధ్య రెండు మాటలు నా దాకా వచ్చాయి. శనివారం ఇంటిల్లిపాదీ వస్తే కూర్చోవడానికి చోటుండటం లేదని కొందరన్నారు. అంత జనం వస్తున్నారు కదా, బాగా మిగులుతోందా అని ఇంకొందరు అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

మిగలడం లేదు. మామూలు శనివారం ఒక్కో టేబుల్ దగ్గర మూడు నాలుగు బేరాలు అవుతాయి. ఆ రోజు ఒక్క కాఫీతో మూడు గంటలు కూర్చుంటారు. అలా కూర్చోమనే పిలిచాం కాబట్టి అందులో వాళ్ల తప్పేమీ లేదు. కానీ కుర్చీల అద్దె, అదనంగా పెట్టుకున్న మనిషి కూలి మా మీదే పడుతున్నాయి. అందుకని వచ్చే నెల నుంచి మనిషికి 100 రూపాయలు తీసుకుంటాం. ఒక ఫిల్టర్ కాఫీ, ఒక ప్లేటు పునుగులు అందులోనే. చదవడానికి పేరిచ్చినవాళ్ల దగ్గరా, విద్యార్థుల దగ్గరా తీసుకోం. కింది హాలు ఆ రోజు కూడా మామూలు కస్టమర్లకే ఉంచుతాం. పిల్లాపాపలతో రండి, చోటుంటుంది.

అసలు ఆపేయమని మా ఇంట్లోవాళ్లే అన్నారు. ఆపను.

మొన్న శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి గాజువాకలో ఉద్యోగం చేసుకుంటున్న ఒక కుర్రాడు కథ చదివాడు. ముసలమ్మ మాట్లాడే చోటు వచ్చినప్పుడల్లా తడబడుతున్నాడు. కాగితం మీద వాళ్ల ఊరి మాటే రాసుకున్నాడు. పదిమంది ముందు నోరు తెరిచేసరికి దాన్ని అప్పటికప్పుడు పుస్తకాల తెలుగులోకి మార్చేస్తున్నాడు. ముందు వరసలో ఉన్న రిటైర్డ్ తెలుగు లెక్చరర్ గారు ఆపి, "బాబూ, నువ్వెలా రాశావో అలాగే చదువు" అన్నారు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఈసారి మా వంటావిడ కూడా పొయ్యి కట్టేసి మెట్ల మీదకొచ్చి నిలబడి వింది. విశాఖలో వకీలుగా పనిచేసిన రావిశాస్త్రి గారు ఈ ప్రాంతపు సామాన్యుల మాటని కథల్లోకి ఎలా తెచ్చారో తర్వాత ఆ లెక్చరర్ గారు చాలాసేపు చెప్పారు. శ్రీశ్రీ గారు 1910లో పుట్టిన ఊరు ఇది, 1970లో ఆయన షష్టిపూర్తి సభలు జరిగిందీ ఇక్కడే. ఇలాంటి ఊళ్లో తన యాసలో చదవడానికి ఎవరూ జంకకూడదు. ఆ జంకు పోయే చోటు మా మేడ మీద ఉన్నందుకు నాకు గర్వంగా ఉంది.

చదవడం అయ్యాక జరిగేది నాకు ఇంకా ఇష్టం. ఇంట్లో ఒంటరిగా రాసుకునేవాళ్లకి పక్క మనిషి దొరికేది అప్పుడే. యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదివే ఒక అమ్మాయి ఆ కుర్రాడి కథకి అక్కడే ముసలమ్మ బొమ్మ గీసిచ్చింది. నాటకాలు వేసే ఇద్దరు అదే కథని స్టేజీకి ఎక్కించవచ్చా అని ఆ కుర్రాణ్ని పట్టుకున్నారు. ఇన్నాళ్లూ చదవడమే తొమ్మిది దాకా సాగి, ఈ మాటలన్నీ మెట్లు దిగుతూ మాట్లాడుకోవాల్సి వస్తోంది. ఇకనుంచి ఆరింటికి మొదలుపెట్టి ఏడున్నరకి చదవడం ముగిస్తాం. ఒక్కొక్కరికి ఎనిమిది నిమిషాలు. పెద్ద కథ తెచ్చేవాళ్లకి ఇది ఇబ్బందే, బాగున్న ఒక భాగం ఎంచుకోండి. ఏడున్నర నుంచి తొమ్మిది దాకా కబుర్లకే.

విమర్శ గురించి కూడా ఒక మాట. అందరూ "చాలా బాగుంది" అనేస్తే రాసినవాళ్లకి ఉపయోగం లేదు. అలాగని మొదటిసారి చదివినవాళ్లని పదిమందిలో ఉతికేయడమూ నాకు నచ్చదు. సలహాలు కావాలో వద్దో చదివేవాళ్లే ముందు చెబుతారు. వద్దంటే వినడమే.

మేడ మీద మైకు తీసేస్తున్నాం. సముద్రం గాలి మైకులో పడి మాట కంటే హోరే ఎక్కువ వినిపిస్తోంది, పక్కింట్లో పరీక్షలకి చదువుకునే పిల్లలూ ఉన్నారు. కుర్చీలు దగ్గరగా వేస్తాం. చదువుతున్నంతసేపూ కాఫీ గ్రైండర్, జ్యూస్ మిక్సీ ఆపేస్తాం. డికాక్షన్ ముందే దింపి ఉంచుతాం కాబట్టి ఫిల్టర్ కాఫీ దొరుకుతుంది. మిల్క్‌షేక్ కావాలంటే మాత్రం ఏడున్నర దాకా ఆగాలి, కింద కూర్చున్నవాళ్లయినా సరే. దయచేసి సర్దుకోండి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక ఉంటే ఆ నెల వాయిదా వేస్తాం. హుద్‌హుద్ చూసిన ఊరు కదా, ఈ విషయంలో మొండితనం పనికిరాదు.

చదవాలనుకునేవాళ్లు గురువారం లోపు కౌంటర్ దగ్గరున్న నోట్‌బుక్‌లో పేరు రాయండి. ఇంతవరకు ఎక్కడా చదవనివాళ్లకే మొదటి అవకాశం ఇస్తాం.