ఫెయిర్‌ఫర్డ్ చర్చి ‘చెక్కు చెదరలేదు’ అనడం సరికాదు

సంపాదకుల వారికి,

గత ఆదివారం మీ అనుబంధంలో ఇంగ్లండులోని ఫెయిర్‌ఫర్డ్ సెయింట్ మేరీ చర్చి గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఆ ఊరికి దగ్గరలో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఇంట రెండు నెలలు ఉండి, ఆ చర్చిని నాలుగైదు సార్లు చూసినవాణ్ణి కనుక, వ్యాసంలోని రెండు మాటలను సవరించక తప్పదనిపించింది. దాన్ని రాజు కట్టించాడన్నది ఒకటి, ఐదు వందల ఏళ్ళుగా అది చెక్కు చెదరలేదన్నది మరొకటి.

కట్టించినవాడు జాన్ టేమ్ అనే ఉన్ని వ్యాపారి. కళ్యాణదుర్గం వైపు కంబళ్ళు నేసే కురుబలకు గొర్రె బొచ్చు విలువ ఎవరూ చెప్పనక్కరలేదు గానీ, ఫెయిర్‌ఫర్డ్ ప్రాంతపు కాట్స్‌వోల్డ్ కొండల ఉన్ని ఆ కాలంలో ఐరోపా అంతటికీ ఎగుమతి అయ్యేది. ఆ సొమ్ముతో అక్కడి చిన్న చిన్న ఊళ్ళలో సైతం పెద్ద చర్చీలు లేచాయి. 1490ల్లో టేమ్ మొదలుపెట్టిన పనిని, 1500లో అతడు చనిపోయాక కొడుకు ఎడ్మండ్ పూర్తి చేశాడు. పారిష్ అంటే ఒక గురువు, అంటే పూజారి, కింద ఉండే ఊరి క్రైస్తవ సమాజం; మన కతోలికులు దాన్ని ‘విచారణ’ అంటారు. ఆ పారిష్‌కు అది ఊరి గుడి. ఆ రోజుల్లో అటువంటి చర్చిలో జనం నిలబడే భాగాన్ని బాగు చేయించే బాధ్యత ఊరివారిది, బలిపీఠం ఉన్న తూర్పు భాగానిది గురువుది.

ఇక చెక్కు చెదరలేదన్న మాట. టేమ్ పాత చర్చిని పూర్తిగా పడగొట్టలేదు. నడిమి గోపురం కింది భాగాన్ని ఉంచుకుని, చుట్టూ కొత్తది కట్టించాడు. ‘పర్పెండిక్యులర్’ అనే ఆ చివరి గోథిక్ శైలిలో పైకప్పు బరువును చాలావరకు బయటి ఊతగోడలు మోస్తాయి కాబట్టి, వాటి నడుమ మిగిలిన చోటంతా కిటికీలకే ఇవ్వవచ్చు. మన విజయనగర శిల్పులది స్తంభాల మీద రాతి బండలు పరిచే పద్ధతి. లోపల వెలుగు తక్కువ, కనుక లేపాక్షిలో చిత్రకారుడికి పైకప్పు దొరికింది. ఫెయిర్‌ఫర్డ్‌లో దొరికింది గాజు. మధ్యయుగపు రంగుటద్దాలు 28 కిటికీల్లోనూ ఉన్న పారిష్ చర్చి ఇంగ్లండులో అదొక్కటే. వాటిని ఏడవ హెన్రీ రాజు ఆస్థాన గాజుపనివాడు బర్నార్డ్ ఫ్లవర్ బృందం చేసిందని భావిస్తారు. బహుశా రాజు పేరు వ్యాసంలోకి వచ్చింది ఇక్కడినుంచే కావచ్చు. ఫ్లవర్ చనిపోయింది 1517లో, అంటే ఇక్కడ కృష్ణదేవరాయలు పాలిస్తున్న కాలం. పై వరుస కిటికీల్లో ఎండ తగిలే దక్షిణం వైపు భక్తులు, మతం కోసం ప్రాణాలిచ్చిన హతసాక్షులు ఉంటే, నీడపట్టున ఉత్తరం వైపు మతాన్ని హింసించినవాళ్ళు నిలబడి ఉంటారు. చదువురాని రైతుకు కూడా ఆ తేడా అర్థమయ్యేది.

ఆ గాజు అంతా పాతదే అనుకుంటే మాత్రం పొరపాటు. 1703 నవంబరు పెనుగాలికి పడమటి కిటికీలు దెబ్బతిన్నాయి. అంత్యతీర్పును చూపే పెద్ద కిటికీ పైభాగంలో ఇప్పుడున్నది 19వ శతాబ్దపు గాజు. త్రాసు పట్టుకున్న మిఖాయేలు దేవదూత, ఎర్రటి నరకం ఉన్న కింది భాగమే అసలుది. రెంటికీ తేడా కంటికి తెలుస్తూనే ఉంటుంది.  

పాతదాన్ని ఉంచుకుని, కొత్త పనిని కొత్తదిగానే కనబడనిచ్చే ఈ వివేకం వాళ్ళకు పుట్టుకతో వచ్చింది కాదు. 1547 తర్వాత, మతసంస్కరణల పేరిట, ఎన్నో చర్చీల గోడబొమ్మలకు సున్నం కొట్టారు. 19వ శతాబ్దంలో బాగుచేత పేరిట పాత గచ్చును రాయి కనబడేదాకా గీకించి, తర్వాతి కాలాల పనిని తీసేసి, ‘అసలు రూపం’ తెస్తున్నామన్నారు. దానికి విసిగి కవి, కళాకారుడు విలియం మోరిస్, ఆయన మిత్రులు 1877లో పురాతన కట్టడాల రక్షణ సంఘాన్ని పెట్టారు. గీకుడు వద్దనేవాళ్ళు కనుక దానికి ‘యాంటీ స్క్రేప్’ అని ముద్దుపేరు కూడా వచ్చింది. ఎప్పటికప్పుడు చిన్న మరమ్మతులు చేసుకుంటూ, ఏ తరం పనినీ దాచవద్దన్నదే వాళ్ళ పట్టుదల.

మనం ఇంకా ఆ గీకుడు దగ్గరే ఉన్నాం. లేపాక్షి, తాడిపత్రి వంటివి పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. నా బాధ ఊళ్ళ గుళ్ళ గురించి. మా మండలంలోనే ఒక గుడిలో, మంచి ఉద్దేశంతోనే కావచ్చు, స్తంభాలను శాండ్‌బ్లాస్టింగ్‌తో శుభ్రం చేయించి, ఎనామిల్ రంగు పూయించి, మంటపంలో గ్రానైటు పరిపించారు. సున్నం పొర కింద బొమ్మ కొన్నిసార్లు బతుకుతుంది. ఒత్తిడితో కొట్టిన ఇసుక కింద ఉలిగీత బతకదు. అటువంటి పనులు మొదలయ్యే ముందు గుడి లోపలా బయటా ఫొటోలు తీయించాలనీ, శాసనాలకు అచ్చులు తీయించాలనీ పాలకమండళ్ళను కోరుతున్నాను. నేను చెప్పిన గుడిలో మెట్ల పక్కన ఒక తెలుగు శాసనం ఉండేది. ఇప్పుడది గ్రానైటు కింద ఏ చోట ఉందో వేలు పెట్టి చూపగలవాళ్ళు ఆ ఊళ్ళో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళే మిగిలారు.

భవదీయుడు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
అనంతపురం