పిల్లలు ఇంటికి తీసుకెళ్లగలిగే క్యాడ్ నేర్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ చదువు పేజీలో క్యాడ్ (కంప్యూటర్‌లో డ్రాయింగులు గీయడం) కోర్సుల గురించి వచ్చిన వ్యాసం చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా డ్రాయింగులు గీసిచ్చే చిన్న ఆఫీసు నడుపుతున్నాను. రైస్ మిల్లు విడిభాగాలు, లారీ బాడీ బ్రాకెట్లు, లేత్ షాపులవాళ్లకు కావలసిన షాఫ్టులు, పుల్లీలు, ఇవీ నా పనులు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందన్నది ఆ వ్యాసంలో బాగానే చెప్పారు. కోర్సు అయిపోయి ఇంటికి వెళ్లాక ఆ పిల్లవాడు దేనిమీద సాధన చేస్తాడన్నది మాత్రం ఎవరూ అడగడం లేదు.

కిందటేడు మా దగ్గర జరిగింది చెబుతాను. ఒక రైస్ మిల్లుకు పన్నెండు ఫ్లేంజీలు (బోల్టులతో బిగించే గుండ్రటి బిళ్లలు) కావాలన్నారు. 10 మిల్లీమీటర్ల ప్లేటు, ఎనిమిది బోల్టు హోల్స్, పీసీడీ (ఆ హోల్స్ కేంద్రాల మీదుగా వెళ్లే వృత్తం వ్యాసం) 180. డ్రాయింగ్ అయిపోయాక మిల్లు నుంచి ఫోన్ వచ్చింది, పీసీడీ 180 కాదు, 190 అని. కొత్తగా చేరిన కుర్రాడు ఆ డైమెన్షన్ (డ్రాయింగ్ మీద కొలత చూపే అంకె) మీద డబుల్ క్లిక్ చేసి, 180 తీసేసి 190 అని టైప్ చేశాడు. అంతే. హోల్స్ మాత్రం పాత చోటే ఉన్నాయి. ప్రింటులో 190 అని స్పష్టంగా కనిపించింది, నేనూ చూసి సంతకం పెట్టాను. లేజర్ కటింగ్ వాళ్లకు వెళ్లింది ప్రింటు కాదు, ఫైలు. లేజర్ మిషన్ అంకెలు చదవదు, గీతల వెంట కోసుకుంటూ పోతుంది. మిల్లులో బిగించబోతే ఒక్క బోల్టూ దిగలేదు. పన్నెండూ తుక్కు కింద పోయాయి. ఫైలు తెరిచి ఒక్కసారి కొలవాల్సింది, నేను కొలవలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కుర్రాడు తెలివైనవాడే. పాతిక వేలు కట్టి మూడు నెలల కోర్సు చేశాడు. కమాండ్లన్నీ నోటికి వచ్చు. కానీ ఆ మూడు నెలల తర్వాత ఏడాది పాటు మౌస్ పట్టలేదు. ఎందుకురా అంటే, "ఇంట్లో ఆ సాఫ్ట్‌వేర్ లేదు సార్, క్రాక్ వేస్తే వైరస్ వచ్చింది" అన్నాడు. క్రాక్ అంటే డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీ. డైమెన్షన్ అనేది గీతను బట్టి దానంతట అదే రావాలనీ, అంకె తప్పుగా ఉంటే దిద్దాల్సింది గీతననీ వంద డ్రాయింగులు సొంతంగా గీస్తే తప్ప ఒంటబట్టదు. వాడికి ఆ వంద గీసే వీలే లేకపోయింది.

ఆ కోర్సుల్లో నేర్పే ఆటోక్యాడ్ గొప్ప సాఫ్ట్‌వేర్. అది 1982లో వచ్చింది. డ్రాయింగ్ బోర్డు, మినీ డ్రాఫ్టర్, అమోనియా ప్రింట్ల కాలం నుంచి వచ్చిన నేను దాని ఆర్14 వెర్షన్ మీదే కంప్యూటర్ డ్రాయింగ్ నేర్చుకున్నాను. అయితే 2016 నుంచి దాన్ని ఒకసారి కొనేసి శాశ్వతంగా వాడుకునే పద్ధతి పోయింది, కొత్తగా తీసుకునేవాళ్లు అద్దె కట్టుకుంటూ పోవాలి. విద్యార్థులకు ఉచితంగా ఇస్తారు, కానీ దానితో డబ్బులకు పని చేయకూడదు. ఇద్దరు మనుషులున్న షాపులు చాలావరకు క్రాక్ కాపీ మీదే బతుకుతున్నాయి. కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం, తెలిసి అలాంటి కాపీ వాడితే కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. ఈ సంగతి మన కోర్సుల్లో ఒక్క పూటైనా చెబుతున్నారా?

నేను ఆరేళ్లుగా లిబ్రేక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. అంతకుముందు ఒక విదేశీ కంపెనీ ఉచితంగా ఇచ్చిన ప్రోగ్రామ్ మీద పని చేసేవాణ్ని. 2019 డిసెంబర్ 31తో ఆ ఉచితం ఆగిపోయింది, చేతిలో ఉన్న పనులు నడిమధ్యలో ఆగాయి. ఆ టెన్షన్ మళ్లీ పడకూడదనే, సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉన్నదాన్ని ఎంచుకున్నాను. లిబ్రేక్యాడ్ 4 జీబీ ర్యామ్ ఉన్న మా పాత కంప్యూటర్‌లో, నెట్ లేకపోయినా నడుస్తుంది. లేయర్లు, బ్లాకులు, డైమెన్షన్లు అన్నీ ఉన్నాయి. దాని సొంత ఫైలు రకమే డీఎక్స్ఎఫ్, లేజర్ వాళ్లు, ప్లాస్మా వాళ్లు అడిగేదీ అదే. పంపేముందు మిల్లీమీటర్లా అంగుళాలా అన్నది ఒక్కటి చూసుకోవాలి, పొరపాటైతే వస్తువు 25.4 రెట్లు మారిపోతుంది. గీత మీద గీత పడితే అదే చోట రెండుసార్లు కోస్తుంది, వాటినీ ఏరి తీసేయాలి.

దానికీ లోపాలున్నాయి. అది 2డీకే పనికొస్తుంది. ఆటోక్యాడ్ సొంత ఫైలు రకమైన డీడబ్ల్యూజీలో సేవ్ చేయదు, కొన్ని కొత్త డీడబ్ల్యూజీ ఫైళ్లు తెరవదు కూడా. పంపేవాళ్లను డీఎక్స్ఎఫ్‌గా సేవ్ చేసి పంపమని బతిమాలుకుంటాను. 3డీ కావాలంటే ఫ్రీక్యాడ్ ఉంది, 2024 నవంబర్‌లో దాని 1.0 వెర్షన్ వచ్చింది. ప్యానెల్ బోర్డు వైరింగ్‌కు క్యూఎలెక్ట్రోటెక్, సర్క్యూట్ బోర్డులకు కైక్యాడ్, ఇవీ ఉచితమే. ఇళ్ల ప్లాన్లు గీసేవాళ్ల సంగతి వేరు. ఆన్‌లైన్ అనుమతులకు డీడబ్ల్యూజీ ఫైలే అడిగే చోట అది రాసే సాఫ్ట్‌వేర్ కొనక తప్పదు.

కాబట్టి ఐటీఐలనూ పాలిటెక్నిక్‌లనూ నైపుణ్య శిక్షణ కేంద్రాలనూ చేతులు జోడించి అడుగుతున్నాను. ఆటోక్యాడ్ మానేయమనడం లేదు. దాని పక్కనే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా నేర్పి, పెన్‌డ్రైవ్‌లో వేసి పిల్లల చేతికివ్వండి. మొదటి వారం కంప్యూటరే ఆన్ చేయకండి. పనికి వచ్చిన కుర్రాళ్లకు నేను అరిగిన బేరింగ్ హౌసింగ్ ఒకటి, వెర్నియర్ కాలిపర్, తెల్లకాగితం ఇచ్చి, ఫస్ట్ యాంగిల్ పద్ధతిలో ముందు, పై, పక్క వ్యూలు మూడూ చేత్తో గీయమంటాను. అది గీసినవాడికి ఏ సాఫ్ట్‌వేర్ అయినా నెలలో వచ్చేస్తుంది.

ఫ్లేంజీలు తప్పు గీసిన ఆ కుర్రాడు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాడు. లిబ్రేక్యాడ్ వాళ్లింటి కంప్యూటర్‌లో వేసిచ్చాను, రోజూ రాత్రి ఒక డ్రాయింగ్ గీసి పొద్దున్నే తెస్తున్నాడు. వాడి కోసమే కమాండ్లన్నీ తెలుగులో, బొమ్మలతో ఒక నోటుబుక్కులో రాశాను, నలభై పేజీలు వచ్చింది. ఏ ఐటీఐ మాస్టారు అడిగినా జిరాక్స్ తీసి నా ఖర్చుతోనే పంపిస్తాను.

ఇట్లు,
ఒక డ్రాఫ్ట్స్‌మన్,
ఆటోనగర్, విజయవాడ